గొయ్యి వద్దు, మెరక చేయండి

మృగశిర కార్తె వచ్చేసింది. మిరప వేసేవాళ్లంతా విత్తనాల షాపుల చుట్టూ తిరిగే రోజులివి. ఈ హడావుడిలోనే గుంటూరు దగ్గరి పెదకాకాని, నంబూరు వైపు కుర్ర రైతులు కొందరు కొత్త ప్రశ్న వేస్తున్నారు. నేలలో నిలువెత్తు గొయ్యి తవ్వి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పి, కరెంటు ఖర్చు లేకుండా ఏడాది పొడవునా కూరలు పండిస్తున్న వీడియోలు ఫోన్లలో తిరుగుతున్నాయి. పెట్టుబడి తక్కువ, పైగా మన దగ్గర ఎండకి కొదవా అని వాళ్ల లెక్క. జేసీబీ గంటకి ఎంతో కనుక్కుని పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. బయానా ఇవ్వకముందే ఒక్క క్షణం ఆగండి.

ఆ గొయ్యి చలిసీమ రైతు తెలివి. మన దేశంలో దాన్ని చూడాలంటే లడఖ్ వెళ్లాలి. లేహ్‌లో చలికాలపు రాత్రి సున్నాకి 20 డిగ్రీల కిందికి కూడా పడిపోతుంది. అక్కడ మూడు వైపులా మందపాటి మట్టి ఇటుకల గోడ కట్టి, దక్షిణం వైపు మాత్రం పాలిథిన్ పట్టాని ఏటవాలుగా దించుతారు. పగలంతా ఎండ పట్టిన గోడ రాత్రికి ఆ వేడిని మెల్లగా వదులుతుంది. బయట నీళ్లు గడ్డకట్టినా లోపల పాలకూర బతుకుతుంది. కొందరు గోడల బదులు కందకం తవ్వి దాని మీద పట్టా పరుస్తారు. డీఆర్‌డీఓకి లేహ్‌లో ఉన్న దిహార్ ప్రయోగశాల సైనికులకి తాజా కూరలు అందించాలని ఇలాంటి కట్టడాల మీద ఏళ్ల తరబడి పనిచేసింది. చైనాలో షౌగ్వాంగ్ ప్రాంతపు రైతులు 1989 నుంచి మట్టిగోడల గ్రీన్‌హౌస్‌లలో చలికాలం కూరగాయలు పండించి బాగుపడ్డారు. బొలీవియా పీఠభూమిలోనూ గోతుల్లో పండించేవాళ్లున్నారు. వీళ్లందరికీ గిట్టనిది ఒక్కటే, చలి. మనమా, రాత్రి 16, 17 డిగ్రీలకి దిగితేనే దుప్పట్లు వెతుక్కునేవాళ్లం.

ఎండ తీరు కూడా వేరు. డిసెంబరు మూడో వారంలో లేహ్‌లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 32 డిగ్రీల ఎత్తుకి మించి రాడు. పట్టాని అటువైపు వాల్చేది అందుకే. మన దగ్గర అదే రోజు 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. జూన్‌లో అయితే నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికే జరుగుతాడు. నమ్మకం కుదరకపోతే ఈ నెల 21న మధ్యాహ్నం పన్నెండుంబావుకి పొలంలో గజం కర్ర నిలువుగా పాతి చూడండి. జానెడు కూడా రాని నీడ, అదీ దక్షిణం వైపు పడుతుంది. నెత్తిన కాసే ఎండకి దక్షిణపు ఏటవాలు ఎందుకు?

నేల లోపల చల్లగా ఉంటుంది కదా అంటారు. నిజమే, సగమే నిజం. రెండు మూడు మీటర్ల లోతుకి వెళితే ఏడాదంతా దాదాపు ఒకే వేడి ఉంటుంది, అది ఆ ప్రాంతపు ఏడాది సగటుకి దగ్గరగా ఉంటుంది. మనకి అది సుమారు 28 డిగ్రీలు. రోళ్లు పగిలే రోహిణిలో 28 అంటే హాయే. కానీ పైన ప్లాస్టిక్ కప్పి నడినెత్తి ఎండని లోపలికి వదిలాక ఆ గోడల చల్లదనం ఏ మూలకి? పైగా గోతిలో గాలి ఆడదు. ఊరిన తేమ బయటికి పోదు. నారుకుళ్లు తెగులుకి అంతకన్నా ఏం కావాలి?

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి మన నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. మే నెలలో ఆ బీటల్లోకి చెయ్యి పెడితే ఒక్కోచోట మోచేతి దాకా దిగుతుంది. పైపులైను కోసం తవ్విన గాడి మీ పొలంలో ఉంటే దాని పక్కలు ఒకసారి పరిశీలించండి. కొంత లోతుకి వెళ్లాక మట్టి పెళ్లలు ఏటవాలుగా, నున్నగా మెరిసే పలకలుగా విడిపోతుంటాయి. ఏటేటా ఉబ్బిన మట్టి ఒకదాన్నొకటి నెట్టుకుని రాసుకున్న జాడలవి. ఆ పలకల వెంబడే గోడ జారుతుంది. అలాంటి మట్టిని నిలువుగా నాలుగడుగులు నిలబెట్టాలంటే కాంక్రీటో రాతికట్టో తప్పదు, తక్కువ ఖర్చు అనే మాట అక్కడితో సరి. ఇక నీటి సంగతి. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో గుంటూరు, విజయవాడల చుట్టూ కురిసిన కుండపోత ఎవరూ మరిచిపోయి ఉండరు. అలాంటి వాన ఒక్కటి పడితే మీ గ్రీన్‌హౌస్ చేపల చెరువే.

అలాగని రక్షిత సాగు మనకి పనికిరాదని కాదు. మన పంటని కాపాడుకోవలసింది నడినెత్తి ఎండ నుంచి, రసం పీల్చే పురుగుల నుంచి, నిలిచిన నీటి నుంచి. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే ఖేతీ సంస్థ తెలంగాణలోని చిన్న రైతుల కోసం రూపొందించిన గ్రీన్‌హౌస్‌కి 2022లో ఎర్త్‌షాట్ బహుమతి వచ్చింది, పది లక్షల పౌండ్లు. గొయ్యి తవ్వలేదు, ఏసీలాంటి యంత్రాలు పెట్టలేదు. వేడిని తగ్గించే నెట్, పురుగుని ఆపే నెట్, డ్రిప్పు, అంతే. చిన్న కమతానికి సరిపోయే కొలత. మనం తీసుకోవలసిన పాఠం ఈ నమూనాలో ఉంది.

ఎక్కడ మొదలుపెట్టాలంటే నారుమడి దగ్గరే. ఎకరం మిరపని నెట్ కింద పెట్టలేం, ఎకరానికి కావలసిన నారుని మాత్రం ఒక్క సెంటులో పెంచేయగలం. 2021-22లో నల్ల తామర పురుగు చేసిన విధ్వంసం చూశాక, మొదటి 40 రోజులు మొక్కని శుభ్రంగా పెంచడం ఎంత అవసరమో మిరప రైతుకి విడమరిచి చెప్పక్కర్లేదు.

సెంటు అంటే సుమారు 40 చదరపు మీటర్లు. 33 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు గీసుకోండి. గొయ్యి తవ్వాలన్న సరదా ఉంటే దాన్ని ఆ గీతకి బయట తీర్చుకోండి. చుట్టూ అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతున కాలువ తీసి, వచ్చిన మట్టిని లోపల పరిస్తే నేల దాదాపు అరడుగు లేస్తుంది. దాని మీద మూడు నాలుగు అంగుళాలు గ్రావెల్ పరిచి నీళ్లు చల్లి దిమ్మిస కొట్టాలి. కాలువకి వాలు ఉండాలి, చివర పొలం కాలువలో కలవాలి. ఆ వాలు సరిగా రానప్పుడు మిగతా ఖర్చంతా దండగ.

స్తంభాలకి బాపట్ల, చీరాల వైపు నుంచి వచ్చే సరుగుడు బాదులు చాలు. పాతే భాగానికి తారు పూస్తే చెదలు తొందరగా పట్టవు. మధ్యలో పదడుగుల ఎత్తు, పక్కల ఎనిమిది. ఇంకా పొట్టిగా కడితే వేడి గాలి మొక్కల మీదే ఉండిపోతుంది. పైన 50 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్, నాలుగు పక్కలా 50 మెష్ ఇన్‌సెక్ట్ నెట్. పక్క నెట్ అంచుని అడుగు లోతు మట్టిలో కప్పెట్టాలి. చాలామంది దాన్ని రాళ్లు పెట్టి వదిలేస్తారు, పురుగు వచ్చేది ఆ సందులోంచే. తలుపులు రెండు ఉండాలి, మధ్యలో ఒక మనిషి నిలబడేంత గది. ఒకటి మూశాకే రెండోది తెరవాలి. 50 మెష్ తెల్లదోమని ఆపుతుంది. తామర పురుగు అంతకన్నా సన్నం, దాన్ని పూర్తిగా ఆపేంత సన్నటి నెట్ కడితే గాలి ఆడదు. కాబట్టి లోపల నీలిరంగు జిగురు అట్టలు రెండు, పసుపు రంగువి రెండు మొక్కల ఎత్తుకి వేలాడదీసి, రెండు రోజులకోసారి చూస్తుండాలి. పడమటి వైపు బయట రెండు వరుసలు జొన్న గాని అవిశ గాని వేస్తే వడగాలి తగ్గుతుంది.

నేల చల్లదనాన్ని వాడుకునే చవకైన దారి ఒకటుంది. డ్రిప్పుకి నీళ్లు తెచ్చే పైపుని అడుగున్నర లోతున పూడ్చండి. ఎండలో పడున్న నల్ల పైపులో నీళ్లు వేసవి మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత కాగుతాయి, ఆ నీళ్లు పడ్డ లేత వేరు ఏమవుతుందో ఊహించుకోండి.

నారు సంగతికి వద్దాం. 98 గుంతల ప్రోట్రేకి కిలోంబావు దాకా కోకోపీట్ పడుతుంది. ఎకరానికి పన్నెండు వేల మొక్కలు నాటేవాళ్లకి 125 ట్రేలు సరిపోతాయి. పాదు దూరం పెంచేవాళ్లకి ఇంకా తక్కువే. మొక్కలు చచ్చే లెక్క కూడా వేసుకుని పది ట్రేలు అదనంగా పెట్టుకోండి. ట్రేలని నేల మీద పరచకుండా ఇటుకల మీద పేర్చాలి. సొంత విత్తనం వాడేవాళ్లు కిలోకి 150 గ్రాముల ట్రైసోడియం ఆర్థోఫాస్ఫేట్‌ని లీటరు నీటిలో కలిపి, విత్తనాన్ని 20 నిమిషాలు నానబెట్టి, మంచి నీళ్లతో బాగా కడిగి నీడలో ఆరబెట్టాలి. ఇది విత్తనం మీద అంటుకొచ్చే వైరస్ కోసం. తర్వాత కిలోకి 3 గ్రాముల మాంకోజెబ్ పట్టించాలి. కంపెనీ హైబ్రిడ్‌కి సాధారణంగా విత్తన శుద్ధి ముందే చేసి ఉంటుంది, ఏం చేశారో ప్యాకెట్ మీద చదువుకోండి. మొలిచాక నారుకుళ్లు రాకుండా లీటరుకి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి, విత్తిన 9వ రోజు, 13వ రోజు మొదళ్లు తడిసేలా పోయాలి.

పునర్వసు, పుష్యమి కార్తెల్లో విత్తితే మఘ, పుబ్బల్లో నాటుకోవచ్చు. శ్రావణంలో మబ్బు పట్టిన రోజుల్లో షేడ్‌నెట్‌ని చుట్టి పక్కకి లాగేయాలి, నీడ ఎక్కువైతే నారు పీలగా సాగి నాటినప్పుడు వాలిపోతుంది. నాటడానికి వారం ముందు నీడ పూర్తిగా తీసేసి నీళ్లు తగ్గించాలి. పీకే ముందురోజు ఒక తెల్ల కాగితం పట్టి నాలుగైదు మొక్కల్ని దాని మీద దులపండి. సూదిమొనంత నల్లని, పసుపురంగు పురుగులు పాకితే తామర పురుగు పట్టినట్టే. అలాంటి నారుని మందు కొట్టకుండా పొలానికి పంపొద్దు.

నారు వెళ్లిపోయాక ఖాళీగా ఉంచకండి. మట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి మడులు ఎత్తుకుంటే కార్తీకం నుంచి మాఘం దాకా పైనీడ తీసేసి పాలకూర, మెంతికూర, కొత్తిమీర వరసగా తీయొచ్చు. కీరదోస వేయాలనుకుంటే పరాగ సంపర్కం లేకుండా కాసే రకమే ఎంచుకోవాలి. నెట్ కప్పి ఉన్నప్పుడు తేనెటీగ లోపలికి రాదు కాబట్టి మామూలు రకం పూసి ఊరుకుంటుంది. ఫాల్గుణం నుంచి మళ్లీ నీడ కప్పాలి. గుంటూరు మార్కెట్లో వేసవి కొత్తిమీర కట్టకి ఎప్పుడూ గిరాకీయే. బయట మాడిపోయే పంట నీడలో 40 రోజులకి కోతకి వస్తుంది, ధనియాల్ని రెండు బద్దలుగా నలిపి వేయడం మరచిపోకండి. మడుల్లో సగానికి మాత్రం ఏప్రిల్, మే నెలల్లో సెలవివ్వండి. బాగా తడిపి, పారదర్శకంగా ఉండే పల్చని పాలిథిన్ పట్టా కప్పి, అంచులు మట్టితో మూసి ఆరు వారాలు వదిలేస్తే నారుకుళ్లు శిలీంద్రాలు, నులిపురుగులు చాలావరకు చస్తాయి. ప్లాస్టిక్ కింద ఎండ వేడిని బంధించే కిటుకు మన నేలలో పనికొచ్చేది ఇక్కడే. నీడ ఉంటే ఇది జరగదు కాబట్టి ఆ సగం మీది నెట్‌ని చుట్టి పక్కకి లాగేయాలి.

నెట్‌ని మేకులతో బిగించొద్దు, తాళ్లతో కట్టండి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను హెచ్చరిక రాగానే పైనెట్ విప్పి మడత పెట్టేయాలి. గాలికి నెట్ తెరచాపై స్తంభాలతో సహా లేస్తుంది.

ఒక సెంటుతో రెండు పంటకాలాలు గడిపి చెయ్యి తిరిగాకే పెద్దది కట్టండి. షేడ్‌నెట్ హౌస్‌లకి ఉద్యాన శాఖ నిర్ణయించిన ఖర్చులో సగం రాయితీగా వస్తుంది. నిబంధనలు, విస్తీర్ణపు పరిమితి ఎప్పటికప్పుడు మారుతుంటాయి, మీ రైతు సేవా కేంద్రంలో అడిగి, మంజూరు కాగితం చేతికొచ్చాకే పని మొదలుపెట్టాలి. ముందు కట్టేసి తర్వాత దరఖాస్తు పెడితే కుదరదు. నారు పెంచి పక్క రైతులకి అమ్మాలనుకుంటే 2010 నాటి నర్సరీల చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఏ రకం వేయాలన్నది మాత్రం ఇక్కడ చెప్పడం లేదు. పక్కనే లాం ఉద్యాన పరిశోధన స్థానం ఉంది, మీ నేల, మీ నీటి వసతి చెప్పి అక్కడే అడగండి, ఆరుద్ర కార్తె దాటకముందే.