కోతులు, కుందేళ్ళు చెప్పిన గుండె పాఠం



గుండె జబ్బు పట్నం వాళ్ళకు, డబ్బున్న వాళ్ళకు వచ్చేదని మన ఊళ్ళలో అనుకుంటారు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో చావులకు కారణాలు లెక్క తీస్తే, ప్రతి 100 చావుల్లో 32 గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే అని తేలింది. పల్లెకు వచ్చిన జబ్బు కొండకు రాదని ఏముంది? అందుకే ఈ పాఠం.

ధమని అంటే ఏమిటి?

గుండె నుండి శరీరానికి రక్తం తీసుకుపోయే గొట్టం ధమని. గుండె కండరానికి కూడా సొంత ధమనులు ఉన్నాయి. కొండ ఊట నుండి ఊరికి నీళ్ళు తెచ్చే గొట్టంలో మట్టి పేరుకుంటే ధార సన్నబడుతుంది కదా! అలాగే ధమని గోడలో కొవ్వు పేరుకుంటే దారి ఇరుకవుతుంది. గుండె ధమని మూసుకుపోతే గుండెపోటు. 1913లో రష్యా శాస్త్రజ్ఞుడు అనిచ్‌కోవ్ కుందేళ్ళకు కొలెస్టరాల్ తినిపించి ఈ జబ్బు ఎలా వస్తుందో చూపాడు.

ఒత్తిడి చేసే పని

ఎలుగుబంటి ఎదురైతే అడ్రినలిన్ అనే హార్మోను రక్తంలో కలుస్తుంది. గుండె దడదడలాడుతుంది, రక్తపోటు పెరుగుతుంది. తప్పించుకున్నాక సర్దుకుంటుంది. కాని దిగులు, తగాదా, భయం రోజుల తరబడి ఉంటే ఆ దడ మాటిమాటికీ వచ్చి ధమని లోపలి పొరను దెబ్బతీస్తుంది.

1982లో అమెరికాలో కాప్లాన్ బృందం మగ కోతులకు ఒకే తిండి పెట్టి రెండు రకాలుగా పెంచింది. కొన్ని గుంపులను కదపలేదు. కొన్నింటిలో కోతులను తరచూ మార్చారు. మార్చినప్పుడల్లా పెత్తనం కోసం కొట్లాటే. చివరికి మారే గుంపుల్లో పెత్తనం చేసిన కోతుల ధమనుల్లోనే కొవ్వు ఎక్కువ పేరుకుంది. అంటే ఏడిపించేవాడికీ సుఖం లేదన్న మాట!

1980లో నెరెమ్ బృందం కుందేళ్ళ మీద ఇంకొకటి చూసింది. మేత ఒకటే. కాని రోజూ ఎత్తుకుని, నిమిరి, మాట్లాడిన కుందేళ్ళ ధమనుల్లో కొవ్వు మచ్చలు మిగతావాటిలో సగం కన్నా తక్కువే.

వ్యాయామం చేసే పని

1981లో బోస్టన్ శాస్త్రజ్ఞులు కొవ్వు తిండి తినే కోతుల్లో కొన్నింటిని తిరిగే పట్టీ మీద వారానికి మూడుసార్లు పరుగెత్తించారు. మిగతావి ఊరికే కూర్చున్నాయి. రెంటికీ మొత్తం కొలెస్టరాల్ దాదాపు సమానమే. అయినా పరుగెత్తిన కోతుల ధమనులు వెడల్పుగా ఉన్నాయి, వాటిలో కొవ్వు తక్కువ. మంచి కొలెస్టరాల్ పెరిగింది. గుండె నెమ్మదిగా కొట్టుకుంది. ఒత్తిడి గుండెను దడిపిస్తే, వ్యాయామం దాన్ని నిదానపరుస్తుంది. పైగా రక్తం జోరుగా పారినప్పుడు ధమని లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును వదులుతుంది. దానితో ధమని వెడల్పవుతుంది. ఈ వాయువు పని కనుగొన్న ముగ్గురికి 1998లో నోబెల్ బహుమతి వచ్చింది.

కోతి మనిషి కాదు కదా అంటారా? 1953లో లండన్‌లో మోరిస్ అనే డాక్టరు బస్సు ఉద్యోగులను పరిశీలించాడు. కూర్చుని నడిపే డ్రైవర్ల కన్నా, రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండె జబ్బు తక్కువ.

మనం చేయవలసినవి

1. కొత్తగా చేరిన తమ్ముళ్ళను, చెల్లెళ్ళను ఏడిపించకండి. ఇల్లు విడిచిన దిగులు వాళ్ళకు ఇప్పటికే ఉంది. పలకరించండి.

2. కబడ్డీ, ధింసా, సంతకు నడక అన్నీ వ్యాయామమే. రేపు విశాఖ వెళ్ళి చదివినా నడక మానకండి. అక్కడ కట్టెల మోపు ఉండదు.

3. వార్డెన్ గారికి మనవి: పరీక్షల నెలలో పదో తరగతి వాళ్ళకు ఆటల పీరియడు తీసేయవద్దు. ఒత్తిడి ఎక్కువున్న నెలలో ఆట ఆపితే జ్వరమున్నప్పుడు మందు ఆపినట్టే. సాయంత్రం మీరు కూడా మాతో గ్రౌండుకు రండి సార్!

ఆలోచించండి: కోతులన్నిటికీ ఒకే తిండి ఎందుకు పెట్టారు? జవాబు కాగితం మీద రాసి సైన్సు మాస్టారికి ఇవ్వండి.