ఆలోచనకు పట్టా

పొలానికి పట్టా ఉంటుంది. ఇంటికి దస్తావేజు ఉంటుంది. మానవ మేధస్సు నుండి జనించిన సృష్టికి అటువంటి రక్షణ కల్పించేవి మేధాసంపత్తి హక్కులు. నూతన యంత్రానికి, తయారీ విధానానికి పేటెంటు. సరుకు పేరుకు, గుర్తుకు వ్యాపార చిహ్నం. రచనకు, కంప్యూటరు ప్రోగ్రాముకు కాపీరైటు లభిస్తాయి. భవనాలు, భారీ పెట్టుబడులు లేని అంకుర సంస్థకు తొలి ఆస్తి ఇదే. దానిని ఏ క్రమంలో సంపాదించాలో, ఎంతకాలం నిలుపుకోవాలో ముందుగా ఆలోచించడమే వ్యూహం. మన వీధి చివర దుకాణం బోర్డు మీద కనిపించే ‘జిరాక్స్’ అనే మాట వెనుక అటువంటి వ్యూహం దాగి ఉంది.

అమెరికాకు చెందిన చెస్టర్ కార్ల్‌సన్ న్యూయార్కులో ఒక కంపెనీ పేటెంటు విభాగంలో పనిచేసేవారు. పత్రాలకు నకళ్లు తీయడంలోని ప్రయాస ఆయనకు నిత్యానుభవం. స్థిరవిద్యుత్తు సాయంతో, తడి రసాయనాలు లేకుండా నకలు తీసే ఉపాయం ఆయనకు తోచింది. 1937 అక్టోబరులోనే పేటెంటుకు దరఖాస్తు చేశారు. ప్రయోగం ఫలించి తొలి నకలు వెలువడినది 1938 అక్టోబరు 22న! దరఖాస్తు ముందు, ప్రదర్శన తరువాత. ఈ క్రమం తారుమారైతే నష్టం అపారం. మన దేశ చట్టం ప్రకారం కూడా, దరఖాస్తుకు ముందే లోకానికి వెల్లడైన ఆవిష్కరణ సాధారణంగా కొత్తదనాన్ని కోల్పోతుంది. ఉత్సాహం కొద్దీ పదిమందికీ చూపిన పిదప పేటెంటు కోరే యువకులు ఈ సంగతి గమనించరు. పరిశోధన పూర్తికాకున్నా, తాత్కాలిక వివరణతో దరఖాస్తు చేసి, 12 నెలలలోపు సంపూర్ణ వివరణ సమర్పించే వెసులుబాటు మన చట్టంలో ఉంది.

కార్ల్‌సన్‌కు 1942లో పేటెంటు లభించింది. కాని ఇరవైకి పైగా సంస్థలు ఆయనను తిప్పి పంపాయి. 1944లో బాటెల్ పరిశోధనా సంస్థ చేయూతనిచ్చింది. తరువాత రోచెస్టర్ నగరంలోని హాలాయిడ్ అనే చిన్న ఫోటో కాగితాల కంపెనీ లైసెన్సు పొందింది.

ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. నాటి అమెరికా చట్టం ప్రకారం పేటెంటు గడువు మంజూరైన నాటి నుండి 17 సంవత్సరాలు. అంటే 1959తో సరి. విజయవంతమైన ‘914’ యంత్రం విపణిలోకి వచ్చినది కూడా 1959లోనే! మూల పేటెంటు ఒక్కదానినే నమ్ముకొని ఉంటే, విత్తిన వారికి పంట దక్కేది కాదు. కాని ఈలోగా సెలీనియం పూత మొదలుకొని ఒక్కొక్క మెరుగుదలకూ వేరువేరుగా పేటెంట్లు సంపాదించారు. యంత్రాన్ని అమ్మడం కంటె అద్దెకివ్వడానికే మొగ్గు చూపారు. ఆ కోట ఎంత దుర్భేద్యమైనదంటే, చివరకు ప్రభుత్వమే కల్పించుకోవలసి వచ్చింది. 1975లో కుదిరిన ఒప్పందంతో కంపెనీ తన పేటెంట్లను పోటీదారులకు లైసెన్సుపై ఇవ్వవలసి వచ్చింది.

పేటెంటుకు గడువు ఉంటుంది; వ్యాపార చిహ్నాన్ని మాత్రం పునరుద్ధరించుకుంటూ ఎంతకాలమైనా నిలుపుకోవచ్చు. గ్రీకు భాషలో ‘పొడి’ అనే అర్థమిచ్చే పదం నుండి జిరాక్స్ అనే పేరు పుట్టింది. 1961 నాటికి హాలాయిడ్ కంపెనీ తన పాత పేరు విడిచి అదే పేరు ధరించింది. అయితే వ్యాపార చిహ్నం సామాన్య నామంగా మారితే దానిపై హక్కు సన్నగిల్లుతుంది. అందుకే ఆ పదాన్ని నకలుకు పర్యాయపదంగా వాడవద్దని కంపెనీ ప్రకటనలిచ్చి మరీ కోరింది. యంత్రం ఏ కంపెనీదైనా, మన ఊళ్లలో మాత్రం అది జిరాక్సే.