ఉప్పెంత? ముప్పెంత?

పాయకరావుపేట హాస్టల్లో చదువుకున్న మనకు పచ్చడి లేనిదే ముద్ద దిగదు. కూర పలచనైన రోజు ఆవకాయ, అప్పడం. ఇంటికెళితే పెంటకోట వైపు నుంచి వచ్చే ఎండుచేపలు. వీటన్నిటిలో ఉన్నది ఉప్పే.

మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు ఉప్పు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 సూచనలలోనూ ఇదే లెక్క. కూర, పచ్చడి, మిక్చరు పొట్లం అన్నీ కలిపి!

ఉప్పులోని సోడియం ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. దానితో రక్తనాళాలపై ఒత్తిడి పెరుగుతుంది. అదే బి.పి. నొప్పి తెలియకుండానే గుండెను, కిడ్నీలను దెబ్బతీస్తుంది.

2001లో అమెరికాలో వెలువడిన 'డాష్' పరిశోధనలో 412 మంది పాల్గొన్నారు. కూరగాయలు, పండ్లు, వెన్న తీసిన పాలు ఎక్కువగా తీసుకుంటూ ఉప్పు కూడా తగ్గించినప్పుడు బి.పి. అన్నిటికంటే ఎక్కువగా తగ్గింది. షుగరు, పొట్ట తగ్గాలంటే ఉప్పు ఒక్కటే తగ్గిస్తే చాలదు. కంచంలో అన్నం కొంత తగ్గి పప్పు, తోటకూర, మునగాకు పెరగాలి.

మన అమ్మానాన్నలు ఎండలో కూలి చేసి చెమటోడ్చారు. మనలో చాలామందిమి కుర్చీలో కూర్చునే ఉద్యోగాలకు వెళుతున్నాం. తిండి మాత్రం మారలేదు.

మిత్రులారా! పచ్చడి సగం చెంచాతో సరిపెడదాం. మజ్జిగలో ఉప్పు మానేద్దాం. సెలవులకు వెళ్ళినప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళను ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళి బి.పి., షుగరు చూపిద్దాం. మాత్రలు వాడేవారు డాక్టరును అడగకుండా మానకూడదని చెబుదాం. ఇంటికి మొదటి చదువరులం మనమే. ఆ చీటీలోని అంకెలు చదివి చెప్పవలసిందీ మనమే.