మట్టిలోని మిత్రులు

పంటకు హాని చేసే కలుపు మొక్కలు రెండు విధాలు. మొదటి రకం నీటికి, వెలుతురుకు, ఎరువుకు పైరుతో పోటీ పడుతుంది. రెండవ రకానికి ఆ పోటీతో పని లేదు. అది పైరు వేరులోకే చొచ్చుకొనిపోయి, పైరు కూర్చుకొన్న నీటిని, ఆహారాన్ని పీల్చుకొని బతుకుతుంది. పొగాకు చేలలో కనిపించే పొగాకు మల్లె, జొన్న చేలలో తెల్లని పూలు పూసే మల్లె ఈ కోవకు చెందినవే. సువాసనకు మారుపేరైన పూవు పేరును ఈ దోపిడీ మొక్కలకు తగిలించడం విచిత్రమే.

జొన్న మల్లె శాస్త్రనామం స్ట్రైగా. లాటిన్ భాషలో ఆ మాటకు మంత్రగత్తె అని అర్థం. ఈ ప్రజాతిలో ఊదారంగు పూలు పూసే ఒక జాతి, ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణాన ఉన్న దేశాలలో మొక్కజొన్న, జొన్న, సజ్జ పైర్లను పీడిస్తున్నది. పశ్చిమ కెన్యాలోని చిన్న రైతు కుటుంబాలకు మొక్కజొన్నే ప్రధానాహారం. ఆ పిండితో వండే ఉగాలి లేని పూట వారికి పస్తు కిందే లెక్క. స్ట్రైగా సోకిన చేనులో పదునున్నా పైరు వాడుతుంది. గిడసబారి, కంకి సరిగా పట్టదు.

ఈ మొక్క జీవన విధానం ఆశ్చర్యకరమైనది. దీని విత్తనం ధూళికణమంత. ఒక్క మొక్క వేలకొద్దీ విత్తనాలను రాల్చగలదు. అవి పదేళ్లకు పైగా నేలలో నిద్రాణంగా పడి ఉండగలవు. వాన పడినంత మాత్రాన మొలవవు. సమీపంలో పైరు వేరు స్రవించే స్ట్రైగోలాక్టోన్లు అనే రసాయనాలు తగిలినప్పుడే మేల్కొంటాయి. ఆ రసాయనాలను పైరు స్రవించేది ఈ శత్రువు కోసం కాదు. నేలలో భాస్వరం కొరవడినప్పుడు, దానిని సేకరించి ఇచ్చే మైకోరైజా శిలీంధ్రాలకు అది పంపే పిలుపు అది. ఈ సంగతిని జపాన్ శాస్త్రవేత్తలు 2005లో వెల్లడించారు. మిత్రునికి పంపిన కబురును దొంగ విన్నట్లు, స్ట్రైగా ఆ పిలుపును పసిగట్టి మొలకెత్తి వేరును పట్టుకొంటుంది. నిస్సారమైన నేలలలో, అంటే పేద రైతు చేలలో, దీని బెడద అధికంగా ఉండటానికి ఇదొక కారణం.

కలుపు తీయడం వల్ల ప్రయోజనం స్వల్పం. మొక్క నేలపైకి తల ఎత్తేసరికే జరగవలసిన నష్టం చాలావరకు జరిగిపోతుంది. ఎండలో వంగి పీకే స్త్రీల శ్రమ ఆ ఏటి పంటను కాపాడలేదు. అందుచేత శత్రువును నేల లోపలే ఎదుర్కోవలసి ఉన్నది.

అక్కడ పనిచేయగల జీవి ఒకటి కనిపించింది. అది ఫ్యుజేరియం ఆక్సీస్పోరం అనే శిలీంధ్రం. ఈ ప్రజాతి పేరు వింటే తెలుగు రైతుకు భయం కలగవచ్చు. కందిని నిలువునా ఎండబెట్టే తెగులుకు కారణం దీని బంధువే. అయితే ఈ శిలీంధ్రంలో ఒక్కొక్క రూపం ఒక్కొక్క మొక్కనే ఆశిస్తుంది. జబ్బుపడిన స్ట్రైగా మొక్కల నుండి సేకరించిన రూపం స్ట్రైగాను చంపుతుంది. మొక్కజొన్న జోలికి పోదు. అమెరికాలోని మోంటానా రాష్ట్ర విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ శాండ్స్, కెన్యా శాస్త్రవేత్తలతో కలిసి దీనిపై పరిశోధన సాగించాడు. ల్యూసిన్, టైరోసిన్ వంటి అమైనో ఆమ్లాలను అధికంగా ఉత్పత్తి చేసే రకాలను వారు ఎంచుకొన్నారు. ఒక అమైనో ఆమ్లం మితిమీరితే స్ట్రైగా పెరుగుదల స్తంభిస్తుంది.

శిలీంధ్రాన్ని సజీవంగా పల్లెకు చేర్చడం మరొక చిక్కు. దానికి దొరికిన ఉపాయం ఎంతో సులువైనది. ప్రయోగశాలలో టూత్‌పిక్ పుల్లలపై శిలీంధ్రాన్ని పెంచి పల్లెలకు పంపారు. అక్కడ ఆ పుల్లను వండి చల్లార్చిన అన్నంలో ఉంచితే కొద్ది రోజులలో శిలీంధ్రం అన్నమంతా అల్లుకొంటుంది. విత్తనంతో పాటు ఆ అన్నాన్ని కొద్దిగా గుంటలో వేస్తే చాలు. ఖరీదైన యంత్రం గాని, శీతల గిడ్డంగి గాని అక్కరలేదు. 2014, 2015 సంవత్సరాలలో పశ్చిమ కెన్యాలోని 500 మంది రైతుల పొలాలలో దీనిని పరీక్షించారు. సగటు దిగుబడి దీర్ఘ వర్షాల పంటలో 56.5 శాతం, స్వల్ప వర్షాల పంటలో 42 శాతం పెరిగింది. 2021లో కెన్యా ప్రభుత్వ సంస్థ ఈ రకపు ఉత్పత్తిని 'కిచావి కిల్' పేరుతో నమోదు చేసింది. స్వాహిలీ భాషలో కిచావి అన్న మాట కూడా మంత్రవిద్యకు సంబంధించినదే.

సజీవమైన మందు అన్నిచోట్లా ఒకే తీరున పనిచేయదు. నేల స్వభావం, తేమ, శిలీంధ్రపు రకం మారితే ఫలితమూ మారుతుంది. ఫ్యుజేరియంతో జరిపిన కొన్ని ఇతర క్షేత్ర ప్రయోగాలలో ఆశించిన మేలు కనబడలేదు.

సూక్ష్మజీవులు చేసే సాయం చంపడం ఒక్కటే కాదు. 2024లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, జొన్నను సహజమైన మట్టిలోనూ, సూక్ష్మజీవులను తొలగించిన మట్టిలోనూ పెంచి చూశారు. సహజమైన మట్టిలో స్ట్రైగా తక్కువగా సోకింది. వేరును పట్టుకొనేందుకు పరాన్నజీవికి సూచన ఇచ్చే రసాయనాలను అందులోని కొన్ని బాక్టీరియాలు విచ్ఛిన్నం చేస్తున్నాయి. మరికొన్నింటి ప్రభావం వల్ల వేరులో సుబెరిన్ అనే మైనం వంటి పదార్థం పేరుకొని, స్ట్రైగా చొరబాటుకు అడ్డుగోడగా నిలుస్తున్నది. ఈ పరిశీలన ప్రయోగశాల కుండీలలో జరిగినది. వానకు తడిసి, ఎండకు బీటలు వారే రైతు చేనులో ఆ బాక్టీరియాలు ఎంతకాలం నిలుస్తాయన్నది తేలవలసిన విషయం.