విత్తన కంపెనీల మార్కెట్ విలువను ప్రభావితం చేసే ద్రవ్యపరమైన అంశాలు

నాగర్‌కర్నూల్ జిల్లా బల్మూర్ మండలంలో పత్తి రైతు కొనే బోల్‌గార్డ్-2 విత్తన ప్యాకెట్ గరిష్ఠ ధరను కంపెనీ నిర్ణయించదు. 2015 నాటి పత్తి విత్తన ధరల నియంత్రణ ఉత్తర్వు ననుసరించి కేంద్ర ప్రభుత్వం దానిని ప్రకటిస్తుంది. అయితే కంపెనీ రాబడిని ఈ ధరను బట్టి మాత్రమే అంచనా వేయడం పొరపాటు. 2018లో ప్యాకెట్ ధర 740 రూపాయలు. అందులో విత్తన విలువ 701, సాంకేతికతకు చెల్లించే ట్రెయిట్ విలువ 39. 2019లో ధర 730కి తగ్గగా, 2020లో ట్రెయిట్ విలువ పూర్తిగా రద్దయింది. రైతుకు తగ్గినది 10 రూపాయలు; విత్తన విలువ మాత్రం 29 రూపాయలు పెరిగింది.

షేరు ధరను మొత్తం షేర్ల సంఖ్యతో గుణించగా వచ్చేదే కంపెనీ మార్కెట్ విలువ. లాభం, అప్పు, డివిడెండు దానిని ప్రభావితం చేస్తాయి. విత్తన రంగంలో వీటికంటే నిర్వహణ మూలధనం కీలకమైనది. గద్వాల ప్రాంతంలో చేతితో సంకరం చేయించి విత్తనోత్పత్తి చేసేందుకు ఆర్గనైజర్ల ద్వారా రైతులకు ముందుగా పెట్టుబడి అందుతుంది. ఆ విత్తనం అమ్ముడయ్యేది మరుసటి వానాకాలానికి ముందు, కొద్ది వారాలలోనే. వర్షాలు ఆలస్యమైతే డీలర్ల నుండి సరుకు తిరిగి వస్తుంది. మొలక శాతం 75కు దిగువకు పడిపోయిన విత్తనం ఆస్తిగా మిగలదు. లాభం చూపుతూనే నగదు లేక ఇబ్బంది పడే స్థితి ఇక్కడ సహజం. అందుచేత ఒక త్రైమాసిక ఫలితాన్ని బట్టి కాక, ఏడాది నగదు ప్రవాహాన్ని, నిల్వలను పరిశీలించడం సమంజసం.

సికింద్రాబాదు కేంద్రంగా గల కావేరీ సీడ్స్ 2007లో స్టాక్ ఎక్స్ఛేంజీలలో నమోదై, తరువాతి కాలంలో తన షేర్లను తానే తిరిగి కొనుగోలు చేసింది. ఇట్టి కొనుగోలు వలన లాభం పెరగకున్నా షేరుకు రాబడి పెరుగుతుంది. దీనిని వ్యాపార వృద్ధిగా భ్రమించరాదు.

రైతు ఉత్పత్తిదారుల కంపెనీల విషయం వేరు. వాటి షేర్లు మార్కెట్‌లో నమోదు కావు. సభ్యుల మధ్య బదిలీ సైతం ముఖవిలువకే జరగాలి. నిల్వలు పేరుకొని బాకీలు రాకపోయినా షేరు ధర పడిపోయి హెచ్చరించే అవకాశం అక్కడ లేదు. ఆస్తి-అప్పుల పట్టీని సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించినపుడే సభ్యునికి ఆ సంగతి తెలుస్తుంది.