వచ్చిన పనిలోనే అడగాల్సింది ఉంది

చిరంజీవి మేనల్లుడికి,

సౌదీలోని దమ్మామ్‌లో దిగిన మర్నాడే టూల్‌కిట్ చేతికిచ్చి బండెక్కించారనీ, పని చెప్పే మనిషే లేడనీ రాశావు. ఈ కష్టం నీ ఒక్కడిదే కాదు బిడ్డా. గల్ఫ్‌కు మనవాళ్లను పని వచ్చినవాళ్లనే లెక్కతోనే తీసుకుపోతారు. ప్లంబర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్, ఏసీ టెక్నీషియన్ లాంటి పనులకు సౌదీవాళ్ల తకామొల్ నైపుణ్య పరీక్ష ఇక్కడే పెడుతున్నారు. అది గట్టెక్కినవాడికి మళ్లీ నేర్పడమెందుకని కంపెనీ అనుకుంటుంది. పనివాళ్లకు శిక్షణ ఇవ్వాలని సౌదీ కార్మిక చట్టం కంపెనీలకు చెప్పింది నిజమే, కాని అది సౌదీ జాతీయుల కోసం. విమానం ఎక్కేముందు మన ప్రభుత్వం ఇచ్చే ఒక్కరోజు శిక్షణలో అక్కడి చట్టాలు, అలవాట్లు, ఆపదలో ఎవరిని కలవాలో చెబుతారు, చేతిపని చెప్పరు. అంటే నీకు పని నేర్పే బాధ్యత ఎవరి నెత్తినా లేదు. దీన్ని నీ చేతకానితనంగా లెక్కేసుకుని కుంగిపోకు.

అయితే నాకు భయం నీకు రాని పని గురించి కాదు. రానిదని తెలిస్తే చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది. బాగా వచ్చనుకున్న పనే ప్రాణం మీదికి తెస్తుంది. నీ ఏసీ పనిలోనే చూడు. మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు. ఒక తీగ ఫేజు, ఇంకోటి న్యూట్రల్. ఫేజు కట్ చేస్తే ధైర్యంగా చెయ్యి పెడతాం. సౌదీలో చాలాకాలం నడిచింది 127/220 పద్ధతి. 230/400కు మారాలని 2010లో అక్కడి మంత్రిమండలి నిర్ణయించినా, ఆ మార్పు ఏళ్ల తరబడి అంచెలంచెలుగా జరిగే పని. పాత బిల్డింగుల్లో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఉండేది 127 వోల్టులే. ఏసీకి 220 కావాలి కాబట్టి రెండు ఫేజుల మధ్య నుంచి తీసుకుంటారు. అంటే ఏసీకి వెళ్లే రెండు తీగలూ ఫేజులే! ఎవరో తెలియక సింగిల్ పోల్ బ్రేకర్ పెట్టి ఉంటే, దాన్ని దించగానే ఏసీ ఆగిపోతుంది. కాని రెండో తీగలో కరెంటు అలాగే ఉంటుంది. ఏసీ ఆగింది కదా అని ఇక్కడి అలవాటుతో చెయ్యి పెడితే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు. బ్రేకర్ దించాక కూడా రెండు తీగలనూ టెస్టర్ పెట్టి చూడాలి. ఈ సంగతి ఇక్కడ పదేళ్లు పనిచేసినవాడికైనా తెలియకపోవచ్చు, ఎందుకంటే తెలియాల్సిన అవసరమే రాలేదు.

అందుకే సీనియర్లను పని నేర్పమని అడగకు. మన దగ్గరికీ అక్కడికీ తేడా ఏమిటని అడుగు. నేర్పమంటే, మేం చచ్చీ చెడీ నేర్చుకున్నాం, నువ్వూ అలాగే నేర్చుకో అనేవాళ్లుంటారు. వాళ్లకూ డ్యూటీ ఉంది, ఒళ్లు అలసి ఉంటుంది, తప్పు పట్టలేం. ఈ బిల్డింగ్‌లో ఏ లైను, బ్రేకర్ ఎక్కడ, ఇంతకుముందు రిపేర్ చేసిందెవరు అంటే మాత్రం మలయాళీ అయినా, పాకిస్తానీ అయినా, ఈజిప్టు ఫోర్‌మన్ అయినా రెండు ముక్కల్లో చెప్పేస్తాడు. విన్నది ఆ రాత్రే నోట్‌బుక్‌లో తెలుగులో రాసిపెట్టుకో.

యూట్యూబ్ ఉందిగా అంటావేమో. మెషీన్ సంగతి అది బాగానే చెబుతుంది, చూడు. నువ్వు నిలబడ్డ బిల్డింగ్‌లో వైరింగ్ ఎవడు ఎలా లాగాడో దానికెలా తెలుస్తుంది? ప్రొబేషన్‌లో ఉండగా నోరు విప్పితే పని రాదని ఇంటికి పంపేస్తారన్న నీ భయాన్ని మాత్రం నేను తేలిగ్గా తీసెయ్యను. ఆ గడువు 180 రోజుల దాకా ఉండొచ్చు, ఆలోపు తీసెయ్యడం వాళ్లకు సులువు. అప్పు చేసి వెళ్లినవాడికి ఆ మాట ఎంత బరువో నాకు తెలుసు. కాని పని రాదనడం వేరు, పని మొదలుపెట్టే ముందు ప్రమాదం ఎక్కడుందో అడగడం వేరు. రెండోది నీ హక్కు కూడా. పనిలోకి దించకముందే అందులోని ప్రమాదాలు చెప్పాలని, రక్షణ సామాన్లిచ్చి వాటిని వాడటం నేర్పాలని వాళ్ల కార్మిక చట్టం 123వ ఆర్టికల్ యజమానికే చెబుతోంది. చట్టంలో ఉన్నదంతా సైటు మీద జరగదు, ఒప్పుకుంటాను. అయినా గ్లౌజులు, టెస్టర్ కావాలని ఫోర్‌మన్‌కు వాట్సాప్‌లో మర్యాదగా ఒక మెసేజ్ పెడితే అది రికార్డుగా ఉంటుంది. రేపు ఏదైనా తేడా వస్తే తప్పంతా నీ మీదికి నెట్టడం కష్టం.

ఇంకొకటి. మనిషి తక్కువయ్యాడని నిన్ను వెల్డింగుకో, ఎత్తు మీద పనికో పంపుతామంటే, అక్కడ మాత్రం చూసి నేర్చుకుంటాలే అని ఒప్పుకోకు. ఒప్పుకున్న పనికి పూర్తిగా వేరైన పని, అత్యవసరమైతే తప్ప, నీ రాతపూర్వక సమ్మతి లేకుండా చేయించకూడదు. ఆ అత్యవసరానికీ ఏడాదికి 30 రోజులే హద్దు. కివా పోర్టల్‌లో నీ కాంట్రాక్టు తెరిచి, వృత్తి పేరు ఏమని ఉందో ఈ శుక్రవారం సెలవులో చూసి నాకు రాయి.

నీ మామ