ధర్మపు పద్దు – వ్యాపార లాభము

ధర్మకార్యమునకిచ్చిన సొమ్ము ఊరక పోవునా, లేక వ్యాపారమునకు బలమై తిరిగి వచ్చునా అను ప్రశ్న మన సంఘ సమావేశములలో తరచు వచ్చుచుండును. దీనిని లెక్కతో పరిశీలింతము.

మొదట ఒక భేదము గ్రహింపవలెను. పనివారికి చేయు మేలు వేరు. ఊరికిచ్చు దానము వేరు. జంషెడ్జీ టాటా 1877లో నాగపూరున ఎంప్రెస్ మిల్లు ప్రారంభించెను. అచ్చట 1886లో పింఛను నిధి, 1895లో పనిలో గాయపడినవారికి పరిహారము ఏర్పడినవి. ఇవి దానములు కావు. చేయి తిరిగిన పనివాడు విడిచిపోయినచో క్రొత్తవానికి నేర్పుటలో కాలము, నూలు రెండును నష్టమగును. ఆ నష్టమును తప్పించు ఖర్చు ఇది. విదేశములలో ఉన్నత విద్య నభ్యసించు విద్యార్థుల కొరకు 1892లో ఆయన నెలకొల్పిన నిధి మాత్రము దానమే. దాని ఫలము ఆ యేటి లాభములో కనబడదు. పేరులో, నమ్మకములో కనబడును. నమ్మకమున్న సరుకునకు బేరము త్వరగా తెగును.

ఇక మన సహకార సంఘముల మాట. 1912 నాటి సహకార సంఘముల చట్టము 34వ సెక్షను ఒక క్రమము చూపినది. నికరలాభములో నాలుగవ వంతు రిజర్వు నిధికి చేర్చిన పిమ్మట, మిగిలినదానిలో నూటికి 10కి మించకుండ, రిజిస్ట్రారు అనుమతితో ధర్మకార్యమునకు ఈయవచ్చును. లాభము 1,00,000 రూపాయలనుకొందము. రిజర్వు 25,000, మిగులు 75,000, దానమునకు హద్దు 7,500. తరువాత రాష్ట్రములు తమ తమ చట్టములు చేసికొన్నవి గనుక, మీ రాష్ట్ర చట్టమును, మీ సంఘ నిబంధనలను చూచియే తీర్మానము చేయవలెను.

పెద్ద కంపెనీలకు 2013 కంపెనీల చట్టము 135వ సెక్షను వర్తించును. ఏటా 5 కోట్ల నికరలాభము, 1,000 కోట్ల అమ్మకములు, 500 కోట్ల నికర ఆస్తి – వీనిలో ఏ ఒక్కటి యున్నను, గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి 2 సమాజసేవకు వెచ్చింపవలెను. కేవలము తమ ఉద్యోగులకే చేయు మేలు ఈ లెక్కలోనికి రాదు. సంప్రదాయ కళలు, చేతిపనుల అభివృద్ధి మాత్రము ఏడవ షెడ్యూలులో నున్నది. కావున చేనేత శిక్షణకు సాయము కోరుచు అట్టి కంపెనీలకు మన సంఘములు అర్జీ పెట్టుకొనవచ్చును.

ఒక హెచ్చరిక. మగ్గము కూలి బాకీ నిలిపి, ఆ సొమ్ముతో సత్రమునకు చలువరాతి పలక వేయించినచో అది దానము కాదు. నేతగాడు ఆ పలకను చదువును. తన బాకీని తలచును. మరియొక షావుకారు గుమ్మము త్రొక్కును. మొదట కూలి, తరువాత నిధి, పిమ్మట దానము – ఈ వరుస తప్పనిచోటనే ధర్మము వ్యాపారమును పెంచును.